నాయిన తూలిన ఏడాది

మొన్న వానాకాలంలో ఒక పొద్దున మంచం మీద ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరిగింది. పంకా ఉండాల్సిన చోటికి కిటికీ వచ్చింది, కిటికీ ఉండాల్సిన చోటికి గోడ వచ్చింది. మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే ఇంకా ఎక్కువైంది. బీపీ అనుకున్నాను, ఆ తర్వాత గుండె అనుకున్నాను. మా కోడలు మాత్రం నల్లగొండలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కళ్లు తిరిగితే చెవి డాక్టరేమిటని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

డాక్టరు చిన్నపిల్ల. నా దగ్గర చదువుకున్న పిల్లల పిల్లల ఈడు ఉంటుంది. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడమంది. పడితే పట్టుకోవడానికి వెనకే నిలుచుంది. నేను కొంచెం ఊగాను గానీ పడలేదు. తర్వాత నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తలను ఒక పక్కకు తిప్పి పట్టుకుంది. లోకం మళ్లీ తిరిగి, నెమ్మదిగా ఆగింది. ఇంకో పక్కకు తిప్పింది, లేపి కూర్చోబెట్టింది. అంతే, తిరుగుడు పోయింది. చాయ్ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. "చెవి వినడానికొక్కటే కాదమ్మమ్మా" అంటూ చెప్పింది ఆ పిల్ల. లోపల ఎముకలో దారపు పోగంత సన్నటి గొట్టాలు మూడు ఉంటాయట, ఒక్కొక్కటీ ఒక్కో వైపుకు వంపు తిరిగి. వాటిలో నీళ్లు. తల కదిలితే ఆ నీళ్లు కదిలి, అక్కడున్న వెంట్రుకల్లాంటివి ఊగి, మనం ఎటు వంగామో ఎటు తిరిగామో మెదడుకు చెబుతాయట. మనిషి నిటారుగా నిలబడాలంటే కళ్లు, అరికాళ్లు, చెవి మూడూ సాక్ష్యం చెప్పాలట. నాకు అందులో సున్నపు రవ్వలాంటిది ఒకటి జాగా తప్పిందట, దాన్ని మళ్లీ జాగాలోకి పంపిందట.

మందుల చీటీ రాస్తూ మామూలుగానే అడిగింది. "ఎప్పుడైనా టీబీకి సూదులు తీసుకున్నారా? పాతకాలం సూదులు కొంతమందికి చెవిలో ఈ భాగాన్ని పూర్తిగా చంపేసేవి."

"నాకు కాదు. మా నాయినకు ఇచ్చిండ్రు" అన్నాను.

"అయితే ఆయన చీకట్లో నడవలేకపోయేవారు, కదా?"

ఆ పిల్ల తలెత్తకుండానే అంది. మా నాయిన చీకటి పడితే తూలేవాడని మా ఇల్లు దాటి తెలిసినవాళ్లందరూ చచ్చిపోయారు. తెలిసినవాళ్లెవరూ దానికి చెవి కారణమని అనుకోలేదు. అందరూ చెప్పిన కారణం ఒక్కటే. నర్సయ్య తాగుతున్నాడు.

నాయిన కల్లు గీసేవాడు. నార్కట్‌పల్లికి ఆమడ దూరంలో, రాళ్లగుట్టల మధ్య మా ఊరు. పంటలు పండినా పండకున్నా తాటిచెట్లు మాత్రం ఉండేవి. నాకు తెలివి వచ్చిన నాటి నుంచి మా ఇంటి వాసన పులిసిన కల్లు వాసనే. నాయిన చొక్కాలో, అమ్మ కొంగులో, అవ్వ కప్పుకునే బొంతలో అదే. దాని మీద పొగ వాసన. చెట్టు మీద కల్లు పట్టే చిన్న కుండలను లొట్లు అంటాం. అమ్మ వాటిని రోజూ కడిగి, వాకిట్లో వరిగడ్డి మంట మీద బోర్లించి పొగ పెట్టేది. ఒక్క లొట్టి సరిగా కడగకపోతే కల్లు చెడిపోతుంది. అవ్వ అరుగు మీద కూర్చుని నశ్యం పీలుస్తూ ఒక్కో లొట్టినీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. నశ్యం పీల్చే ముక్కుకు వాసనేం తెలుస్తుందని అమ్మ గొణిగేది గానీ, అవ్వ పక్కన పెట్టిన లొట్టి నిజంగానే చెడ్డదై ఉండేది.

అంత కల్లు మధ్య బతికిన నాయిన కల్లు తాగేవాడు కాదు. పులుపు చూడడానికి నాలిక కొస మీద చుక్క వేసుకుని ఉమ్మేసేవాడు. "తాగినోని కాలు చెట్టు మీద నిలువది" అనేవాడు. తెల్లారకముందే మోకు భుజాన వేసుకుని పోయేవాడు. మోకంటే చెట్టునూ నడుమునూ కలిపి కట్టుకునే లావు తాడు. నేను వెనకపోయిన రోజుల్లో కింద నిలబడి చూసేదాన్ని. మసక చీకట్లో నాయిన కనిపించేవాడు కాదు, తాడు చెట్టుకు రాసుకునే గరగర మాత్రం పైకి పైకి పోయేది. దిగాక నిండు కుండల కావడి ఎత్తుకుని, ఒక్క పాదం పట్టే పొలం గట్టు మీద నడిచివస్తే చుక్క తొణికేది కాదు. చెరువులోనైనా బావిలోనైనా ఈతలో ఆయన్ను మించినవాడు లేడు. ఎండాకాలం మా మోటబావిలో దూకి, అడుగు ముట్టి, గుప్పెడు మన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టేవాడు.

దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఒకరోజు చెట్టు దిగి తువ్వాలతో నోరు తుడుచుకుంటే ఎర్రగా అయింది. పట్నం పెద్ద దవాఖానలో ఫోటో తీసి, క్షయ అన్నారు. రోజూ సూది వేయించుకోవాలన్నారు, నెలల తరబడి. వాకిలి మూలన గుడిసె వేసి అందులో పడుకోబెట్టారు. ఆయన ముంత వేరు, గిన్నె వేరు. నన్ను దగ్గరికి పోనిచ్చేవారు కాదు. కాంపౌండరు సైకిల్ మీద వచ్చి, పొయ్యి మీద సూదిని మరగబెట్టి, గుడిసెలోకి పోయేవాడు. అప్పటిదాకా కల్లు వాసన తప్ప ఎరగని మా వాకిట్లో స్పిరిటు వాసన నిలబడిపోయింది. ఆ సూదులే లేకపోతే నాయిన ఆ ఎండాకాలమే పోయేవాడు. ఆ సంగతి నేను మరవను. నెత్తురు ఆగింది, దగ్గు తగ్గింది, బుగ్గలు నిండాయి. అవ్వ సంబరపడి కాంపౌండరుకు పెట్టకోడిని ఇచ్చింది.

సూదులు నడుస్తుండగానే నాయిన ఒకరోజు అన్నాడు. "చెవులల్ల తుమ్మెద జొచ్చినట్టున్నది. లేస్తే తల తిరుగుతాంది."

"కమ్‌జోరి. పాలు తాగు, గుడ్లు తిను" అన్నాడు కాంపౌండరు. ఆయనకు తెలిసింది అంతే. చెడ్డవాడు కాదు.

గుడిసెలో నుంచి బయటికి వచ్చిన నాయిన వేరే మనిషిలా నడిచాడు. అప్పుడే నడక నేర్చిన పిల్లవాడిలా కాళ్లు ఎడంగా వేసి, నేలను చూసుకుంటూ అడుగు తీసి అడుగు వేసేవాడు. "నడుస్తాంటే లోకమంత ఎగురుతాంది లచ్చవ్వా. నిలవడితె ఆగుతాంది" అని అమ్మతో అన్నాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగి నిలబడితే తప్ప ముఖం ఆనవాలు పట్టలేకపోయేవాడు. పొద్దున లేచి ముఖం మీద నీళ్లు చల్లుకోబోయి కళ్లు మూసుకున్నాడు, అలాగే ముందుకు గోలెంలోకి పడ్డాడు. అప్పటి నుంచి ఒక చేత్తో గుంజను పట్టుకుంటే అమ్మ నీళ్లు పోసేది. తల మీంచి అంగీ తీసుకోవాలన్నా గోడకు ఆనుకునేవాడు. పగలు ఎలాగో నెట్టుకొచ్చేవాడు. పొద్దు గూకితే మాత్రం కాళ్లు తేలిపోయేవి. గోడ వెంబడి గోడ పట్టుకుని, గోడ లేని చోట ఇటూ అటూ ఊగుతూ వచ్చేవాడు.

పొద్దు గూకినాక ఊగుతూ వచ్చే కల్లు గీసేవాణ్ని చూసి ఎవరేం అనుకుంటారు? "నర్సయ్య గూడ షురూ చేసిండు" అన్నారు. కల్లు అమ్మే చోట ఆయన నడకను నడిచి చూపించి నవ్వారు. ఆ నవ్వు మా ఇంటిదాకా వచ్చింది. ఒక సాయంత్రం నాయిన వాకిట్లోకి వస్తూ గుంజకు గుద్దుకుని కూలబడ్డాడు. అవ్వ అరుగు దిగి వచ్చి ఆయన ముందర కూర్చుంది.

"నోరు తెరువు కొడుకా" అంది.

నాయినకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. అయినా చిన్నపిల్లవాడిలా నోరు తెరిచాడు. అవ్వ ముక్కు దగ్గర పెట్టి పీల్చింది, లొట్టిని చూసినట్టే. మళ్లీ పీల్చింది. ఏ వాసనా లేదు. "లేదురా… ఏం లేదురా…" అంటూ కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. అవ్వ మాట ఊళ్లో ఎవరు నమ్ముతారు? కన్నతల్లి కదా, కడుపులో దాచుకుంటుందన్నారు.

చెట్టు ఎక్కాలని కూడా చూశాడు. మోకు కట్టుకుని, చెట్టును కావలించుకుని ఎక్కడంలో తడబడలేదు. పైన కత్తి ఆడించడానికి తల తిప్పితేనే ఆకాశమంతా ఎగిరి మీద పడ్డట్టయిందట. దిగివచ్చి చాలాసేపు చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఎండ పూర్తిగా వచ్చాక ఎక్కుదామంటే అప్పటికి కల్లు పులిసిపోయేది. నాయిన తమ్ముడు మల్లయ్య, మా చిన్నాయిన, తన చెట్లతో పాటు అన్న చెట్లు కూడా గీశాడు. ఎన్నాళ్లు గీస్తాడు?

ఆ ఏడాది గీసేవాళ్లకు తాటిచెట్లు పంచే రోజు కులమంతా కాటమయ్య గద్దె దగ్గర కూడింది. కాటమయ్య మా గీసేవాళ్ల దేవుడు. మేం ఆడవాళ్లం దూరంగా నిలుచున్నాం. పొద్దు వాలింది. కులపెద్ద నాయిన వంతు వచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు.

"తాగెటోనికి చెట్లు ఇచ్చుడు మంచిది గాదు నర్సయ్యా. రేపు నువ్వు మీదికెల్లి పడితె పాపం మాది."

"నా నోట్ల చుక్క పడలే పెద్దగౌడా. గా సూదులు ఏసుకున్నప్పటి సంది తల గిట్లయింది."

"సూదులు మా బావమరిదికి గూడ ఏసిండ్రు. వాడు మంచిగనే నడుస్తుండు గదా."

"కాటమయ్య మీద ఒట్టు పెడత."

"పెట్టు. దేవుని ముంగట నిలవడి, కండ్లు మూసి పెట్టు."

నాయిన గద్దె ముందుకు పోయాడు. కాళ్లు దగ్గరగా పెట్టుకుని, చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాడు. "నేను కల్లు…" అన్నాడు. మాట పూర్తి కాకముందే నరికిన చెట్టులా పక్కకు ఒరిగి గద్దె రాతికి తల కొట్టుకుని పడ్డాడు. ఎవరో "దేవుడే చూపించిండు" అన్నారు. చిన్నాయిన ఒక్కడే లేపడానికి పోయాడు. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని నిలబడింది, కదలలేదు. మా చెట్లు ఇంకొకరికి రాసిచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం నాయిన చిన్నాయినతో కలిసి బావి దగ్గరికి పోయాడు. నుదుటికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. నాతో నవ్వుతూనే మాట్లాడాడు. "ఒళ్లు కాలుతాంది, జర మునిగొస్త" అన్నాడు. నేను విన్న నాయిన చివరి మాట అదే. చిన్నప్పటి నుంచీ దూకిన మెట్టు మీంచే దూకాడట. చిన్నాయిన గట్టు మీద ఉన్నాడు. ఎంతకీ రాకపోతే దూకి వెతికాడు. ఎండాకాలపు బావి, కింద నీళ్లు నల్లగా, బురదగా ఉన్నాయి. రెండోసారి మునిగితే చేతికి తగిలాడట.

"ఈత రానోడు మునుగుతడు. ఈతగాడు మునుగుతడా?" అంది ఊరు. నిన్న అవమానం, ఈ రోజు బావి. కావాలనే మునిగాడనడంలో ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మకూ రాలేదు. శవాన్ని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు చిన్నాయిన ఆమెతో మాత్రమే ఒక మాట చెప్పాడట. అది అమ్మ నాకు నా పెళ్లయ్యాక చెప్పింది. నాయిన రెండు పిడికిళ్ల నిండా బావి అడుగు మన్ను ఉంది. గోళ్లు విరిగి ఉన్నాయి. "పైకి తేలద్దని అడుగు పట్టుకున్నడు బిడ్డా మీ నాయిన. గంత గట్టిగ పట్టుకున్నడు. నువ్వు గూడ యాదికి రాలే ఆయనకు" అంది అమ్మ. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

అమ్మ ఏడవలేదు, కోపం పెట్టుకుంది. ఆ కోపంతోనే అవ్వ పోయాక ఊరు విడిచి నన్ను నందికొండకు తీసుకుపోయింది. అక్కడ ఆనకట్ట కడుతున్నారు. వేలమందితో పాటు తట్ట మోసింది. రేకుల గుడిసెలో ఉన్నాం. రాయి పేల్చినప్పుడల్లా గిన్నెలు గలగలమనేవి. కూలివాళ్ల పిల్లలు ఎక్కువమంది తట్టలు మోయడానికే పోతే, అమ్మ నన్ను బడికి తరిమింది. ఒకరోజు నేను పోనని మొండికేస్తే చింతబరిగె తీసుకుని కొట్టింది. "ఇడిసిపెట్టి పోయినోని బిడ్డ గిట్లనే అయిందని అనిపించుకుంటవా?" అంది. నేను పంతులమ్మనయ్యానంటే దానికి కారణం ఆ మాటే. ప్రతి ఏడూ పెత్తర అమావాస్యకు అందరూ పోయినవాళ్ల పేరున బియ్యం ఇస్తారు. అమ్మ అవ్వ పేరున ఇచ్చేది, తాత పేరున ఇచ్చేది. నాయిన పేరున ఇవ్వలేదు. "తనంతట తాను పోయినోనికి ఆకలైతదా?" అనేది. తన ఎనభయ్యో పడిలో, జ్ఞాపకం చెదిరి నా పేరు కూడా మరిచిపోయిన రోజుల్లో కూడా, నాయిన పేరు ఎత్తితే ముఖం అటు తిప్పుకునేది. నిరుడు అలాగే పోయింది.

పది రోజులకు మళ్లీ రమ్మంది డాక్టరు. తల తిరుగుడు లేకపోయినా పోయాను. అడగవలసినది ఒకటి మిగిలిపోయింది. నాయిన సంగతంతా చెప్పాను, గద్దె ముందు పడడం, ముఖం కడుగుతూ పడడం. ఆ పిల్ల రాయడం మానేసి విన్నది. అప్పుడు అడిగాను. "అటువంటి మనిషి నీళ్లల్ల మునిగితే ఏమైతది?"

ఆమె మెల్లగా చెప్పింది. నీళ్లలో ఒళ్లు తేలుతుంది గనుక అరికాళ్లకు నేల తెలియదు. నీళ్లు మురికిగా, చీకటిగా ఉంటే కళ్లకు ఏమీ కనిపించదు. ఇక మిగిలేది చెవి ఒక్కటే. అది చచ్చిపోయి ఉంటే పై ఏదో కింద ఏదో మనిషికి తెలియదు. "ఎంత ఈత వచ్చినా అంతే అమ్మమ్మా. పైకి పోతున్నాననుకుని కిందికి ఈదుతారు. అందుకే అటువంటివాళ్లను ఒంటరిగా నీళ్లలోకి దిగవద్దని చెబుతాం."

పైకి పోతున్నాననుకుని. ఆ మాట నన్ను పట్టుకుంది. నాయిన అడుగు పట్టుకోలేదు. గాలి అటే ఉందనుకున్నాడు. అడ్డం వచ్చిన మన్నును గోళ్లు విరిగేదాకా తవ్వాడు. మమ్మల్ని విడిచిపెట్టిపోలేదు. మా దగ్గరికి రావడానికి చూశాడు. బస్టాండు బెంచీ మీద కూర్చుని, చుట్టూ జనం చూస్తున్నా, అరవై ఏళ్లు ఆలస్యంగా మా నాయిన కోసం ఏడ్చాను. పంచాయితీలో కూర్చున్న వాళ్లను తిట్టుకోవాలనిపించలేదు. వాళ్లు చూసినది తూలే మనిషిని. చెవిలో ఏముందో ఎవరు చూశారు? ఈ రోజుల్లోనైతే చీటీ మీద ఒక మాట రాసి, ఇంట్లో దీపాలు ఎక్కువ పెట్టుకోండి, చేతికర్ర పట్టుకోండి, నీళ్లలో దిగకండి అని చెప్పి పంపుతారు. మూడు మాటలు. ఆ మూడు మాటలు చెప్పేవాళ్లు లేక ఒక మనిషి తాగుబోతై, దేవుని ముందు అబద్ధీకుడై, పెళ్లాం బిడ్డలను కాదనుకున్నవాడై పోయాడు. అమ్మ బతికుంటే బాగుండేదని, ఒక్క సంవత్సరం ముందుగా నాకు తల తిరిగి ఉంటే బాగుండేదని అనుకున్నాను.

చెప్పడానికి మిగిలింది చిన్నాయిన ఒక్కడే. తర్వాతి ఆదివారం ఊరికి పోయాను. ఎనభై దాటిన మనిషి, వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చెవులు బాగానే వినిపిస్తాయి, చూపే మందగించింది. మంచి కబురు తెచ్చాననే అనుకున్నాను. పక్కన కూర్చుని, డాక్టరు చెప్పినదంతా ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"అంటే అన్న మనల్ని ఇడిసిపెట్టి పోలేదంటవా?" అన్నాడు చివరికి.

"పోలే చిన్నాయినా. పైకి వద్దామనే చూసిండు."

ఆయన మంచం పట్టెను తడుముతూ అన్నాడు. "నేను గట్టు మీదనే కూసున్న బిడ్డా. బీడి ముట్టిచ్చుకున్న. ఈతగాడు గదా, వస్తడు తియ్యి అనుకున్న. బీడి అయిపోయినంక చూసిన."

"నీకెట్ల తెలుస్తది చిన్నాయినా?"

"పోదామనుకున్నోన్ని ఎవ్వడాపుతడు అనుకున్న గిన్నేండ్లు. గట్లనుకుంటేనే నిద్ర వట్టింది." మసకబారిన కళ్లు నా వైపు తిప్పాడు. "ఇప్పుడేమనుకోవాలె యాదమ్మా?"

చిన్నాయిన కోడలు చాయ్ తెచ్చి పెట్టింది, మేమిద్దరం తాగలేదు. నేను ఆయన చేయి పట్టుకుని బస్సు వేళ అయ్యేదాకా కూర్చున్నాను. అమ్మ కూడా ఆ కోపం పట్టుకునే నిలబడింది కదా. ఆమెకు చెప్పలేకపోయానన్న బాధ మాత్రం ఆ మధ్యాహ్నంతో నన్ను విడిచిపోయింది.